సొంతంగా కట్టుకున్న పీసీకి టచ్ స్విచ్ బిగించడం ఎలా

టేకు చెక్కతోనో యాక్రిలిక్‌తోనో ముచ్చటపడి క్యాబినెట్ చేయించుకున్నాక దానికి మళ్లీ మామూలు ప్లాస్టిక్ బటన్ పెట్టాలంటే మనసొప్పదు. టచ్ స్విచ్ బ్రహ్మవిద్యేమీ కాదు, నాలుగైదు వైర్లు, ఒక మాడ్యూల్, ఒక చిన్న ఐసీ, అంతే పని. మన వైపు అసలు తిప్పలు పెట్టేది ఇంటి ఎర్తింగ్. దాని దగ్గర మాత్రం బద్ధకించకండి.

ముందు మదర్‌బోర్డుకు ఏం కావాలో చూద్దాం. ఫ్రంట్ ప్యానెల్ దగ్గర పవర్ స్విచ్ అని రాసున్న రెండు పిన్నుల్ని ఒక్క క్షణం కలిపి వదిలితే పీసీ ఆన్ అవుతుంది. ఒకటి గ్రౌండు (మైనస్), రెండోదాని మీద 3.3 లేదా 5 వోల్టులు ఉంటాయి. 4 సెకన్లు అలాగే కలిపి ఉంచితే బలవంతంగా ఆగిపోతుంది. అందుకే వేలు తాకిందని పసిగట్టే చిన్న బోర్డు, అంటే టీటీపీ223 టచ్ మాడ్యూల్ మీద, ఏ, బి అని ఉండే సోల్డర్ ప్యాడ్లలో బి ప్యాడ్ జోలికి పోవద్దు, అది సోల్డర్ చేస్తే ఒకసారి తాకాక మళ్లీ తాకేదాకా అవుట్‌పుట్ వస్తూనే ఉంటుంది, పీసీ ఇలా లేచి అలా పడుకుంటుంది. ఏ, బి రెండూ ఖాళీగా వదిలేస్తే తాకినంతసేపే పనిచేస్తుంది.

మాడ్యూల్‌కి పీసీ ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా కరెంటు కావాలి. పవర్ సప్లై నుంచి మదర్‌బోర్డుకి వచ్చే 24 పిన్నుల కనెక్టర్‌లో 9వ పిన్ను, ఊదా రంగు వైరు, 5 వోల్టుల స్టాండ్‌బై అదే. ఇప్పుడు చాలా ఎస్‌ఎంపీఎస్‌లకు (పవర్ సప్లైలకు) అన్నీ నల్ల వైర్లే వస్తున్నాయి కాబట్టి రంగు నమ్మకుండా పిన్ను నంబరు లెక్కపెట్టండి. అసలు కేబుల్ కోసే బదులు ఒక ఎక్స్‌టెన్షన్ కేబుల్ కొని దాని మీద జాయింటు వేయండి, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టండి. ఆ లైనులో రెండు మూడు ఆంపియర్ల దాకా వస్తుంది, సన్న వైరు షార్టయితే కాలిపోతుంది. ఇదంతా ప్లగ్ పీకేశాకే అని వేరే చెప్పక్కర్లేదనుకుంటా.

మాడ్యూల్‌కీ మదర్‌బోర్డుకీ మధ్య పీసీ817 అనే ఆప్టోకప్లర్ పెడతాం, అంటే రెండు వైపులకీ వైరు సంబంధం లేకుండా లోపలి ఎల్‌ఈడీ వెలుతురుతో స్విచ్‌లా పనిచేసే చిన్న ఐసీ. అమలాపురంలోనో భీమవరంలోనో ఏ టీవీ రిపేరు షాపులో అడిగినా ఇస్తారు, లేదా పాడైన చార్జర్ విప్పితే చాలాసార్లు అందులోనే దొరుకుతుంది. చుక్క ఉన్నది 1వ కాలు. మాడ్యూల్ అవుట్‌పుట్ నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ మీదుగా 1వ కాలుకి, 2వ కాలు గ్రౌండుకి. లోపలి ఎల్‌ఈడీకి సుమారు 4 మిల్లీ ఆంపియర్లు వెళ్తాయి, చాలు. అవతలి వైపు 4వ కాలు పవర్ స్విచ్ ప్లస్ పిన్నుకి, 3వ కాలు గ్రౌండు పిన్నుకి. ఏది ప్లస్సో మల్టీమీటర్‌తో చూసుకోండి, తిరగేస్తే పనిచేయదు. బీసీ547 ట్రాన్సిస్టర్‌తోనూ అవుతుంది గానీ, ఏ వైరో ఊడి తగిలినా 5 వోల్టులు నేరుగా బోర్డు పిన్ను మీదకు పోకుండా ఉండాలంటే నా ఓటు ఆప్టోకప్లర్‌కే.

మాడ్యూల్‌ని ప్యానెల్ లోపలి వైపు డబుల్ టేపుతో గాలి సందు లేకుండా అతికించండి. 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ గుండా వేలిని బాగానే పసిగడుతుంది. ఇనప రేకు వెనక పెడితే మాత్రం లాభం లేదు. చెక్క అయితే వానాకాలంలో తేమ పీల్చుకుని దాని గుణమే మారిపోతుంది, కాబట్టి ఆ చోటు వరకు లోపలి నుంచి పల్చగా చెక్కించి రెండు వైపులా వార్నిష్ కొట్టించండి. మరీ ఎక్కువ సెన్సిటివ్‌గా ఉంటే మాడ్యూల్ మీద కెపాసిటర్ కోసం వదిలిన ఖాళీ చోట 20 పికోఫారడ్లది వేయండి, తగ్గుతుంది.

విండోస్‌లో పవర్ బటన్ నొక్కితే ఏమీ చేయకూడదు అని సెట్ చేసుకోండి. లేకపోతే తడి గుడ్డతో తుడిచినప్పుడో, బల్లి పాకినప్పుడో సగం పనిలో షట్‌డౌన్ అవుతుంది. ఆనక కంగారు పడి లాభం లేదు.

ఇక ఎర్తింగ్. చాలా పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉంటుంది గానీ పై కన్నానికి వైరే ఉండదు. అలాంటి చోట క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటుంది. ఆ లీకేజీయే మాడ్యూల్‌ని కూడా తికమక పెడుతుంది, ఎవరూ తాకకుండానే ఆన్ అవడం, తాకినా పలకకపోవడం. మాడ్యూల్ పాడైందని మార్చేస్తుంటారు, కొత్తదీ అంతే చేస్తుంది. సాకెట్‌లో మల్టీమీటర్ పెడితే ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య 230 వోల్టుల దగ్గర, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులు చూపించాలి, అలవాటు లేకపోతే ఎలక్ట్రీషియన్‌నే చూడమనండి. మన గోదావరి డెల్టాలో నేల అడుగున నీళ్లు పైపైనే ఉంటాయి కాబట్టి ఎర్త్ బాగానే అందుతుంది, కానీ సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పు నేల జీఐ పైపుని (జింకు పూత ఇనప పైపుని) తొందరగా తినేస్తుంది, రాగి పూత రాడ్ వేయించుకోండి. సాకెట్‌లోనే న్యూట్రల్ నుంచి ఎర్త్‌కి చిన్న వైరు ముక్క కలిపేస్తే సరిపోతుందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, న్యూట్రల్ ఎక్కడైనా తెగిందంటే క్యాబినెట్ మీదకే 230 వోల్టులు వస్తాయి.