స్కాచ్ విస్కీ రుచుల్లో తేడా పట్టుకోవడం ఎలా?

స్కాచ్‌లన్నీ ఒకేలా ఉంటాయనే మాట ఎక్కువగా గ్లాసు నిండా ఐసు, సోడా పోసుకుని, పక్కన కారం కారంగా చికెన్ పకోడీ పెట్టుకున్నవాళ్ల దగ్గరే వినిపిస్తుంది. మూడు రకాలు కొద్దికొద్దిగా పక్కపక్కన పెట్టుకుని చూస్తే తేడా తెలిసిపోతుంది.

ముందు లేబుల్ చదవండి. స్కాట్లాండ్‌లోనే తయారై, అక్కడే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్లు మాగితేనే అది స్కాచ్. ‘సింగిల్ మాల్ట్’ అంటే ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించిన బార్లీతో మాత్రమే, రాగి బట్టీల్లో కాచినది. వేర్వేరు మాల్ట్ విస్కీలకు గోధుమ, మొక్కజొన్న లాంటి ధాన్యాల విస్కీ కలిపితే ‘బ్లెండెడ్’. జానీ వాకర్, టీచర్స్ ఈ కోవలోవే. కలిపారు కదా అని చిన్నచూపు అక్కర్లేదు. లేబుల్ మీద 12 అని ఉంటే, లోపల ఉన్నవాటిలో అన్నిటికన్నా తక్కువ మాగినదానికి 12 ఏళ్లు నిండాయని అర్థం. ‘బాటిల్డ్ ఇన్ ఇండియా’ అని కనిపిస్తే నకిలీ ఏమోనని టెన్షన్ పడకండి. బ్లెండెడ్ స్కాచ్‌ను టోకున తెచ్చి మన దేశంలో సీసాల్లో నింపడం మామూలే. సింగిల్ మాల్ట్‌ను మాత్రం 2012 నుంచి స్కాట్లాండ్‌లోనే నింపాలి.

ముదురు రంగు చూసి ఎక్కువ ఏళ్లు మాగిందని మోసపోవద్దు. కారమెల్ రంగు కలపడానికి అక్కడి చట్టమే ఒప్పుకుంటుంది.

ఇక ఎంపిక. మొదటిదిగా స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతం నుంచి గ్లెన్‌ఫిడిక్ 12 లేదా గ్లెన్‌లివెట్ 12 తీసుకోండి. యాపిల్, పియర్ పళ్ల వాసనతో తేలిగ్గా ఉంటాయి. రెండోది షెర్రీ వైన్ పీపాల్లో మాగిన గ్లెన్‌డ్రోనక్ 12. ఎండుద్రాక్ష, డ్రైఫ్రూట్స్ గుర్తొస్తాయి. మూడోది ఐలా దీవిలోని లఫ్రోయిగ్ 10. దీన్ని వాసన చూడగానే కొందరు ‘ఆసుపత్రి కంపు’ అని గ్లాసు దించేస్తారు, ఇంకొందరు జీవితాంతం వదలరు. ఆ వాసన పీట్ పొగది. బురద నేలల్లో వేల ఏళ్లుగా కుళ్లిన నాచు, మొక్కల పొరలే పీట్. తడి బార్లీని ఆరబెట్టేటప్పుడు పీట్‌ను కాలుస్తారు. ఆ పొగ గింజకు పట్టి చివరిదాకా నిలుస్తుంది. ఐలా సరుకంతా పొగ వాసనే అనుకోకండి. అక్కడి బున్నహావెన్ డిస్టిలరీ విస్కీల్లో చాలావాటికి ఆ ఊసే ఉండదు.

ఒక్కోదాన్నీ 15 ఎం.ఎల్. మించకుండా, పైభాగం సన్నగా ఉండే గ్లాసులో పోయండి. వైన్ గ్లాసయినా చాలు. ముక్కు లోపలికి పెట్టేయకుండా, నోరు కాస్త తెరిచి దూరం నుంచే వాసన చూడండి. లేదంటే ఆల్కహాల్ ఘాటు తప్ప ఇంకేమీ తెలియదు. చిన్న గుక్క తీసుకుని, మింగే ముందు నాలుకంతా తాకనివ్వండి. తర్వాత నాలుగైదు చుక్కల మామూలు నీళ్లు కలిపి మళ్లీ చూడండి. చాలాసార్లు ఘాటు తగ్గి, కొత్త వాసనలు బయటికొస్తాయి. ఐసు వేస్తే అవే ముడుచుకుపోతాయి.

వరుస తప్పొద్దు. లఫ్రోయిగ్ ముందు తాగితే ఆ పొగ నాలుకను వదలదు, మిగతా రెండూ చప్పగా అనిపిస్తాయి.