కంప్యూటర్ పార్ట్స్ కొనే ముందు ఇవి చూసుకోండి

మున్ముందు అప్‌గ్రేడ్ చేసుకోవాలనుకుంటే ప్రాసెసర్ కన్నా ముందు మదర్‌బోర్డు సాకెట్ (ప్రాసెసర్ కూర్చునే చోటు) గురించి ఆలోచించండి. తర్వాతి దారులన్నీ అక్కడే తేలిపోతాయి.

- సాకెట్: ఏఎండీ ఏఎం5 సాకెట్‌కు ఒకటికి మించి తరాల ప్రాసెసర్లు వచ్చాయి. ఇంటెల్ ఎల్‌జీఏ1700 మాత్రం 14వ తరంతో దాదాపు ఆగిపోయింది. మీరు కొనే ప్రాసెసర్‌కు బోర్డులో ఏ బయోస్ (కంప్యూటర్ ఆన్ కాగానే బోర్డును నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఉండాలో తయారీదారు సైట్‌లో తప్పకుండా చూడండి. పాత బయోస్‌తో కొత్త ప్రాసెసర్ అసలు ఆన్ కాకపోవచ్చు. ప్రాసెసర్ లేకుండానే బయోస్ మార్చే ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డయితే నిశ్చింత.

- ర్యామ్: డీడీఆర్4, డీడీఆర్5 అనేవి ర్యామ్ తరాలు. డీడీఆర్4 స్లాటులో డీడీఆర్5 పట్టదు. 32 జీబీ కావాలంటే 16 జీబీవి రెండు, ఒకే కిట్‌గా తీసుకోండి. ఇప్పుడు రెండు, తర్వాత ఇంకో రెండు అనే ఆలోచన డీడీఆర్5తో నాకు నచ్చదు. నాలుగూ పెడితే వేగం తగ్గించాల్సి రావచ్చు.

- పవర్ సప్లై: దయచేసి ఇక్కడ పొదుపు చేయకండి. రేపు పెట్టబోయే గ్రాఫిక్స్ కార్డును కూడా లెక్కలో వేసుకోండి. 80 ప్లస్ గుర్తు విద్యుత్ ఆదాను చెబుతుందే తప్ప మన్నికను కాదు. మాడ్యులర్ (కేబుళ్లు ఊడదీయగల) సప్లై మార్చినప్పుడు పాత కేబుళ్లు వాడొద్దు. కనెక్టర్ సరిపోయినా పిన్నుల అమరిక వేరైతే హార్డ్ డిస్క్, ఎస్ఎస్‌డీ లాంటి డ్రైవులు కాలిపోవచ్చు.

- కేబినెట్: కార్డు పొడవు, కూలర్ ఎత్తు కొలతలు సరిచూడండి.

- విడి గ్రాఫిక్స్ కార్డు ఇప్పుడే కొనకపోతే, పేరు చివర ఎఫ్ ఉన్న ప్రాసెసర్ వద్దు. అందులో సొంత గ్రాఫిక్స్ ఉండదు కాబట్టి డిస్‌ప్లే రాదు.