వెట్‌సూట్ ఒంటికి సరిగ్గా పట్టిందో లేదో చూసుకోవడం ఎలా

స్కూబా డైవింగ్‌కు, అంటే వీపున గాలి సిలిండర్‌తో నీటి అడుగున ఈదడానికి, వేసుకునే బిగుతు దుస్తులే వెట్‌సూట్. అది నీళ్ళు లోపలికి రాకుండా ఆపదు. లోపలికి చేరిన కొద్ది నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచడమే దాని పని. ఆ పలచటి నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడుతుంది. ఆ వెచ్చదనం సముద్రంలోకి పోకుండా నియోప్రీన్‌లోని (సూట్ కుట్టే స్పాంజిలాంటి రబ్బరు) సన్నటి గాలి బుడగలు అడ్డుకుంటాయి. సూట్ ఎక్కడైనా వదులుగా ఉంటే కాలు ఆడించినప్పుడల్లా వెచ్చటి నీళ్ళు బయటికి పోయి చల్లటివి లోపలికొస్తాయి. అందుకే వదులుగా వేలాడే 5 మి.మీ. సూట్ కంటే ఒంటికి అతుక్కున్న 3 మి.మీ. సూట్ వెచ్చగా ఉంటుంది. మందం గురించి ఆలోచించేముందు కొలత గురించి ఆలోచించాలి.

నల్లగొండ, పాలమూరు వైపు బాయిల్లో ఈత నేర్చినవాళ్ళు చాలామంది "మాకు చలేం పెడ్తది" అనుకుంటారు. బాయిలో కాళ్ళూ చేతులూ ఆడుతూనే ఉంటాయి, అలసిపోతే మెట్లెక్కి ఎండకు కూర్చుంటాం. స్కూబాలో 40–50 నిమిషాలు వీలైనంత తక్కువగా కదులుతూ నీళ్ళలోనే ఉండాలి. నీరు గాలికంటే దాదాపు 25 రెట్లు వేగంగా ఒంటి వేడిని లాగేస్తుంది. 28 డిగ్రీల అండమాన్ నీళ్ళలో కూడా రెండో డైవ్‌కు దవడలు వణకడం మామూలే.

మందం సంగతి క్లుప్తంగా. నీరు 29 డిగ్రీలు దాటితే మోకాళ్ళ దాకా వచ్చే పొట్టి సూట్ సరిపోతుంది. 24 నుంచి 28 వరకు 3 మి.మీ. నిండు సూట్, 20 నుంచి 24 వరకు 5 మి.మీ., అంతకంటే చల్లగా ఉంటే 7 మి.మీ. మన దగ్గర్నుంచి ఎక్కువగా వెళ్ళే అండమాన్, మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవి, గోవా, విశాఖ, పుదుచ్చేరిలకు 3 మి.మీ. నిండు సూట్ చాలు. బక్కపలచని ఒళ్ళు ఉన్నవాళ్ళు, రోజుకు మూడు డైవ్‌లు చేసేవాళ్ళు 5 మి.మీ. తీసుకోవచ్చు.

కొలతలు

ఆన్‌లైన్‌లో కొనేముందు తెలిసిన టైలర్ దగ్గరికి వెళ్ళి కొలతలు రాయించుకోండి. చొక్కాకు కొలిచినట్టు టేపు కింద వేళ్ళు పెట్టి వదులు కలపొద్దని ముందే చెప్పాలి. పలచటి బనియన్ మీద, టేపు ఒంటిని తాకుతూ, నొక్కకుండా కొలవాలి. టేపులో సెంటీమీటర్ల వైపు చూసి రాయమనండి. సైజు పట్టికలు ఎక్కువగా వాటిలోనే ఉంటాయి. ఎత్తు, బరువు, మెడ, ఛాతీ, నడుము, పిరుదులు, తొడ మొదలు నుంచి చీలమండ దాకా కాలి పొడవు రాసుకోండి. వీటితోపాటు మెడ వెనక ఎముక నుంచి కాళ్ళ మధ్య వరకు మొండెం పొడవు కూడా కొలిపించండి. అందరూ మరిచిపోయే కొలత అదే, సూట్ చెడగొట్టేదీ ఎక్కువసార్లు అదే. ఛాతీ గాలి పీల్చి కాదు, మామూలుగా వదిలినప్పుడు కొలవాలి.

పట్టికలో మీ కొలతలు రెండు సైజుల మధ్య పడితే మగవాళ్ళు ఛాతీని, ఆడవాళ్ళు ఛాతీతోపాటు పిరుదుల కొలతను నమ్మండి. చెయ్యో కాలో రెండు సెంటీమీటర్లు ఎక్కువైనా తక్కువైనా నష్టం లేదు, మొండెం తేడా వస్తే మాత్రం సర్దుకోదు. చాలా కంపెనీల పట్టికల్లో ఒకే ఛాతీకి పొట్టి, పొడుగు సైజులు విడిగా ఉంటాయి, వాటిని కూడా చూడండి. బట్టలు కొనేటప్పుడు "ఒక సైజు పెద్దదే ఉండనీ" అనే అలవాటు ఇక్కడ పూర్తిగా వదిలెయ్యాలి.

వేసుకోవడం

నల్లగొండలో గానీ మహబూబ్‌నగర్‌లో గానీ వేసి చూసుకునే డైవింగ్ దుకాణం దొరకదు. హైదరాబాద్‌లోని డెకాథ్లాన్ లాంటి పెద్ద స్పోర్ట్స్ దుకాణాల్లో ముందు ఫోన్ చేసి మీ సైజు ఉందో లేదో కనుక్కుని వెళ్ళండి. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే వాపసు తీసుకుంటారో లేదో చూసుకుని, ట్యాగులు తెంపకుండా ఇంట్లో వేసి చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో అయితే తెల్లవారుజామున గానీ ఏసీ గదిలో గానీ వేసుకోండి. చెమట పట్టిన ఒంటికి నియోప్రీన్ ఎక్కదు. పైగా ఆ వేడిలో సూట్ లోపల ఎక్కువసేపు ఉంటే కళ్ళు తిరగొచ్చు.

ముందు మొలతాడు, పట్టీలు, గాజులు, మెట్టెలు తీసెయ్యండి. వెండి మొలతాడు బిగుతు సూట్ కింద చర్మంలోకి దిగుతుంది, మెట్టె అంచు నియోప్రీన్‌ను చీరేస్తుంది. పుస్తెలతాడు తీయడం ఇష్టం లేకపోతే పుస్తెలు మెడ అంచు కిందికి రాకుండా ఛాతీ మీద చదునుగా సర్దుకోవాలి. జడ ముడి వెయ్యండి, లేకపోతే జిప్‌లో పడుతుంది.

సూట్ పైభాగాన్ని నడుము దాకా మడిచి, పాదానికి పలచటి ప్లాస్టిక్ కవర్ తొడిగి కాలు దూర్చండి, జారినట్టు దిగుతుంది. ఎక్కువ సూట్లకు జిప్ వీపు వైపు ఉంటుంది. రెండు కాళ్ళూ మోకాళ్ళ దాకా వచ్చాక కొంచెం కొంచెంగా పైకి తెచ్చి, కాళ్ళ మధ్య ఖాళీ లేకుండా ఆనిన తర్వాతే పిరుదుల మీదికి గుంజండి. గోళ్ళతో కాదు, వేళ్ళ మెత్తటి వైపుతో చిటికెడు చిటికెడు పట్టి గుంజాలి. గోరు నెలవంకలా కోసేస్తుంది. భుజం దగ్గర గుడ్డ చాలడం లేదనిపిస్తే తప్పు ఎక్కువగా కిందే ఉంటుంది, కాళ్ళ మధ్య పూర్తిగా పైకి రాలేదన్నమాట. చివర్లో రెండు భుజాల రెక్కలు దగ్గరికి చేర్చి మరొకరితో జిప్ వేయించుకోండి. మొదటిసారి పది నిమిషాలు పట్టినా కంగారు లేదు.

ఒంటి మీద పరీక్ష

గదిలో హాయిగా అనిపించిన సూట్ నీళ్ళలో వదులవుతుంది. పొడిగా ఉన్నప్పుడు కొంచెం ఎక్కువ బిగుతుగా అనిపించాలి. లోతుకు పోయేకొద్దీ ఆ తేడా పెరుగుతుంది: 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపై గాలి బుడగలు బాగా కుదించుకుపోతాయి, సూట్ పలచబడుతుంది, పైన కాస్త ఖాళీ ఉన్న చోట ఇంకా వదులవుతుంది.

మొదట నడుము వెనక గుంట చూడండి. వెన్ను లోపలికి వంగిన చోట ఎవరినైనా అరచేత్తో నొక్కమనండి. గాలి బుస్సున మెడ దగ్గరికి వచ్చిందంటే నీళ్ళలో అదే దారిలో చల్లటి నీరు తిరుగుతుంది. తర్వాత చంకలు, కాళ్ళ మధ్య, పొట్ట కింది భాగం. ఎక్కడైనా గుడ్డ పట్టుకుని మడత పెట్టగలిగితే సైజు పెద్దది. మణికట్టు, చీలమండల దగ్గర అంచు చుట్టూ ఖాళీ ఉండకూడదు.

మెడ దగ్గర జాగ్రత్త. ఒక వేలు కష్టం మీద దూరాలి, తల అటూ ఇటూ తిప్పితే ఊపిరాడాలి. మెడ పక్కన రక్తనాళాల మీద బిగుతు ఎక్కువైతే గుండె వేగం పడిపోయి కళ్ళు తిరిగే ప్రమాదం ఉంది. మెడ బరువుగా, తల తేలిగ్గా అనిపించిన వెంటనే జిప్ తీసెయ్యండి, ఆ సూట్ మీది కాదు.

ఇప్పుడు కదలండి. గుండెల నిండా గాలి పీల్చి పూర్తిగా వదలాలి. సగంలో ఆగిపోతే ఛాతీ చాలదు. గుంజీళ్ళు తీయండి, చేతులు పైకెత్తండి, తల వెనక సిలిండర్ వాల్వ్‌ను అందుకుంటున్నట్టు చెయ్యి వెనక్కి పెట్టండి. బోర్లా పడుకుని ఫిన్‌లు (పాదాలకు తొడిగే రెక్కలు) ఆడించినట్టు కాళ్ళు ఆడించండి. మోకాలి వెనక ముడతలు గుచ్చుకుంటే కాలి పొడవు ఎక్కువ. వేళ్ళు తిమ్మిరెక్కితే చెయ్యి బిగుతు.

వీలైతే పూల్‌లో ఒక అరగంట ఉండండి. నాగార్జునసాగర్, జూరాల నీళ్ళలో పరీక్షించాలని చూడొద్దు. మొదట చల్లటి నీళ్ళు వెన్ను మీదుగా దిగడం సహజమే, రెండు నిమిషాల్లో ఆ చలి తగ్గాలి. కదిలినప్పుడల్లా వెన్ను మీద మళ్ళీ చల్లగా పారితే ముందు జిప్ లోపలి పట్టీ మడత పడిందేమో చూడండి. అది సరిగ్గా ఉన్నా పారుతుంటే మెడో నడుమో వదులు. ఊరి టైలర్‌తో నడుము కుట్టించొద్దు. మామూలు మిషన్ సూది గుడ్డలోంచి పూర్తిగా దిగి వరుసగా రంధ్రాలు చేస్తుంది, నీరు అక్కడ్నుంచే వస్తుంది. నియోప్రీన్‌ను జిగురుతో అతికించి, సూది అవతలికి దిగకుండా కుట్టాలి.

అద్దెకు తీసుకుంటే

డైవ్ సెంటర్‌కు మీ ఛాతీ, ఎత్తు, బరువు ముందురోజే పంపండి, పడవ ఎక్కకముందే సూట్ వేసి చూడండి. మోకాలు, నడుము దగ్గర నియోప్రీన్‌ను రెండు వేళ్ళతో గట్టిగా నొక్కి వదిలితే మళ్ళీ పొంగాలి. కాగితంలా పలచగానే ఉండిపోతే అది పాతబడిన సూట్, వేరేది అడగండి.

వాడాక మంచినీళ్ళలో ముంచి, పిండకుండా, లోపలి వైపు బయటికి తిప్పి, వెడల్పాటి హ్యాంగర్‌కు నీడలో ఆరేయాలి. దాబా మీద ఎండలో, కారు డిక్కీలో పెడితే నియోప్రీన్ బిరుసెక్కి పగులుతుంది. బోరు నీళ్ళు ఉప్పగా, తెల్లటి పొర కట్టేలా ఉంటే చివరిసారి మిషన్ భగీరథ నల్లా నీళ్ళతో కడిగి, జిప్ పళ్ళకు కొవ్వొత్తి మైనం రుద్దండి.

సూట్ మారిస్తే, ఒళ్ళు తేలిపోకుండా నడుముకు కట్టుకునే సీసం బరువు కూడా మళ్ళీ సరిచూసుకోవాలి. 3 నుంచి 5 మి.మీ.కి మారితే సాధారణంగా ఒకటి రెండు కిలోలు అదనంగా కావాలి. సిలిండర్ దాదాపు ఖాళీ అయ్యాక, తేలడానికి గాలి నింపుకునే డైవింగ్ జాకెట్‌లో గాలి లేకుండా, మామూలు ఊపిరి పట్టి నిలువుగా ఉంటే నీటిమట్టం కళ్ళ దగ్గర ఆగాలి, ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి.