ఎయిర్ రైఫిల్‌ని పొడుగు మనిషికి అమర్చడం: నొప్పి ఎక్కడ, కారణం ఏంటి, ఏ స్క్రూ తిప్పాలి

నా ఎత్తు 188 సెంటీమీటర్లు. షూటింగ్ మొదలుపెట్టిన కొత్తలో నా చేతికిచ్చిన రైఫిల్‌ని అప్పటికే నలుగురు వాడుతున్నారు. నలుగురూ నా భుజం దాకా వచ్చేవాళ్లే. సెట్టింగ్ ముట్టుకోవద్దన్నారు. ఆరు నెలల పాటు మెడ వంచి, నడుము వంచి ఆ రైఫిల్‌లోకి ఒదిగిపోవడానికి ప్రయత్నించాను. నడుము పట్టేశాక గానీ అర్థం కాలేదు, మారాల్సింది నా ఒళ్లు కాదు, రైఫిల్ అని. ఇప్పటికీ రేంజ్‌లో ఎవరైనా పొడుగు పిల్లలు అలా ముడుచుకుని నిలబడితే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇది వాళ్ల కోసం, వాళ్ల కోచ్‌ల కోసం.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ గురించే చెబుతున్నాను, కుడిచేతి వాటం లెక్కన. రైఫిల్ బరువు 5.5 కిలోల దాకా ఉండొచ్చు. మ్యాచ్‌లో 75 నిమిషాల్లో 60 షాట్లు కొట్టాలి. అంతసేపు కండబలంతో మోయడం ఎవరివల్లా కాదు, ఎముకల మీద నిలబెట్టాలి.

పని మొదలుపెట్టే ముందు లోపల పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) లేదని చూసుకోండి. సేఫ్టీ ఫ్లాగ్ (గొట్టం ఖాళీ అని చూపే రంగు తీగ) పెట్టండి. గొట్టం టార్గెట్ వైపే ఉండాలి. అలెన్ కీల సెట్టు, స్కేలు, నోట్‌బుక్ చాలు. పక్కనుంచి, వెనకనుంచి ఫోన్‌లో ఫొటో తీసే మనిషి ఒకరు కావాలి. ఇప్పుడున్న కొలతలన్నీ ముందే రాసుకోండి.

సమస్య: ఎడమ చెయ్యి వణుకుతోంది, రైఫిల్ నిలవడం లేదు

పొడుగువాళ్లలో ఎక్కువమందికి అసలు సమస్య ఇదే. చాలామంది జిమ్‌కి వెళ్తే సరిపోతుందనుకుంటారు.

గోడకి ఆనుకుని నిలబడి, ఎడమ మోచెయ్యి మడిచి పక్కకి ఆనించండి. తుంటి ఎముక అంచుకి తగిలిందా, నాలుగు వేళ్లు పైనే ఆగిపోయిందా? పొడుగంతా కాళ్లలో ఉన్నవాళ్లకి సాధారణంగా తగులుతుంది. పొడుగంతా మొండెంలో ఉన్నవాళ్లకి తగలదు. అలాంటివాళ్లు రైఫిల్‌ని కంటి దాకా తేవడానికి తెలియకుండానే మోచేతిని గాల్లోకి లేపుతారు. ఆ క్షణం నుంచి బరువంతా కండ మీదే. గురిపెట్టి ఉన్నప్పుడు పక్కవాళ్లని మీ ఎడమ దండ నొక్కి చూడమనండి. రాయిలా ఉంటే మోస్తున్నారని, మెత్తగా ఉంటే ఆనిందని.

పరిష్కారం పామ్ రెస్ట్‌లో, అంటే రైఫిల్ ముందుభాగం కింద ఎడమ చెయ్యి ఆనే దిమ్మలో ఉంది. దాన్ని కిందికి దింపాలి, లేదా మందమైన బ్లాక్ వెయ్యాలి. చేతికీ రైఫిల్‌కీ మధ్య దూరం పెరిగినకొద్దీ మోచెయ్యి కిందికి దిగి ఆనుకుంటుంది. చేతిని పెట్టే తీరు కూడా మార్చి చూడండి. అరచెయ్యి పరిచే బదులు పిడికిలి మీద నిలబెడితే ఇంకొంచెం ఎత్తు దొరుకుతుంది. మణికట్టు మాత్రం నిటారుగా ఉండాలి. పామ్ రెస్ట్ ఎంత కిందికి ఉండొచ్చో రూల్స్‌లో పరిమితి ఉంది. ఎక్విప్‌మెంట్ కంట్రోల్‌లో (పరికరాల తనిఖీలో) కొలుస్తారు కాబట్టి, బ్లాక్ కొనే ముందే కోచ్‌తో సరిచూసుకోండి.

అప్పటికీ మోచెయ్యి తుంటి దాకా రాకపోతే దిగులుపడకండి. కొందరికి తుంటికి కాస్త పైన, పక్కటెముకల కింది భాగంలో ఆనుతుంది. రోజూ ఒకే చోట ఆనడం ముఖ్యం.

సమస్య: మెడ వెనక మంట, సగం మ్యాచ్‌కే చూపు మసక

ఫొటో చూడండి. తల ముందుకి వాలి, కళ్లు కనుబొమల కిందనుంచి పైకి చూస్తున్నాయా? అంటే రైఫిల్ మీ కంటి కన్నా కిందే ఆగిపోయిందన్నమాట. అలా చూస్తే కంటి కండరాలు త్వరగా అలిసిపోతాయి.

బట్ ప్లేట్‌ని, అంటే భుజానికి ఆనే వెనక పలకని, కిందికి జరపండి. మొదట్లో ఇది తికమకగా ఉంటుంది. ప్లేట్ భుజంలో ఉన్నచోటే ఉంటుంది కాబట్టి, దాన్ని కిందికి జరిపితే మిగతా రైఫిల్ పైకి లేస్తుంది. అది చాలకపోతే సైట్ రైజర్లు (గురి చూసే సైట్లని పైకి లేపే దిమ్మలు) వెయ్యండి. ముందు సైట్‌కీ వెనక సైట్‌కీ ఒకే ఎత్తువి. రైజర్ ఎంత వేశారో చీక్ పీస్ (చెంప ఆనే భాగం) కూడా అంతే పైకి తేవాలి. చాలామంది ఇది మర్చిపోయి చెంప గాల్లో ఉంచి కొడతారు. కళ్లు మూసుకుని చెంప ఆనించి, తెరిచి చూడండి. డయాప్టర్ (చిన్న రంధ్రమున్న వెనక సైట్) లోపల ముందు సైట్ నడిమధ్యన కనబడితే సరిపోయింది. తర్వాత కొత్తగా జీరో చేసుకోవాలి, అంటే గురిపెట్టిన చోటే షాట్ పడేలా సైట్లు సరిచెయ్యాలి.

సమస్య: ముక్కు డయాప్టర్‌కి తగులుతోంది, కుడి మణికట్టు మెలిపడుతోంది

బట్ (రైఫిల్ వెనకభాగం) పొట్టిగా ఉంది. ట్రిగర్ మీద వేలి కొస ఉండాల్సిన చోట రెండో కణుపు దాకా వెళ్లిపోతుంది. లాగినప్పుడు రైఫిల్ పక్కకి కదులుతుంది. బట్‌ని కొద్దికొద్దిగా పొడిగించండి. కంటికీ డయాప్టర్‌కీ మధ్య నాలుగైదు వేళ్ల వెడల్పు ఖాళీతో మొదలుపెట్టవచ్చు. తర్వాత ట్రిగర్‌ని దాని పట్టాలమీద జరిపి వేలికి సరిచెయ్యండి.

పొడుగు మనిషి కదా అని బట్‌ని చివరిదాకా లాగేయకండి. ఎక్కువైతే తల ముందుకి సాగుతుంది, బరువంతా టార్గెట్ వైపు పోతుంది.

సమస్య: నడుము నొప్పి

పైన చెప్పిన మూడూ సరైతే సగం తగ్గుతుంది. మిగతాది ముందుభాగం బరువు వల్ల. గొట్టం మీది వెయిట్లు తీసేయండి, లేదా వెనక్కి మార్చండి. పాదాలు భుజాలంత దూరంలో చాలు. పొట్టిగా అవుదామని కాళ్లు మరీ చాపకండి. ఇన్ని చేసినా కాల్లోకి పాకే నొప్పి ఉంటే ప్రాక్టీస్ ఆపి డాక్టర్‌కి చూపించండి.

సమస్య: గ్రూప్ (షాట్లు పడే గుంపు) అడ్డంగా బాగానే ఉంది, షాట్లు మాత్రం పైకీ కిందికీ సాగుతున్నాయి

దీనికి కారణం నాకు ఎవరూ చెప్పలేదు. టేపుతో కొలిచాకే తెలిసింది. టార్గెట్ మధ్యబిందువు నేలనుంచి 1.40 మీటర్ల ఎత్తులో ఉంటుంది, అందరికీ అంతే. పొజిషన్‌లో నా కన్ను సుమారు 1.65 దగ్గర ఉంటుంది. అంటే 10 మీటర్లలో నా గురి 25 సెంటీమీటర్లు కిందికి దిగాలి. పక్క లేన్‌లోని పొట్టి అమ్మాయికి ఈ బాధ లేదు. నా రైఫిల్ సహజంగా టార్గెట్ పైన ఆగేది, నేను చేత్తో కిందికి నొక్కేవాణ్ని. నొక్కుడు ఎక్కువైతే షాట్ కింద, తగ్గితే పైన. పది పాయింట్ల చుక్క వెడల్పు అర మిల్లీమీటరే. ఆ నొక్కుడు చాలు, చుక్క తప్పడానికి.

గురిపెట్టి కళ్లు మూసుకోండి. రెండుసార్లు ఊపిరి పీల్చి వదిలి కళ్లు తెరవండి. రైఫిల్ ఎక్కడ ఆగిందో అదే మీ సహజ గురి. పైన ఆగితే బట్ ప్లేట్‌ని ఇంకో రెండు మిల్లీమీటర్లు కిందికి జరపండి, వెనకభాగం లేచి గొట్టం దిగుతుంది. పక్కకి ఆగితే వెనక కాలు కొంచెం జరపండి. చేత్తో మాత్రం సరిచెయ్యొద్దు.

నేను చెప్పిన వరుసలోనే వెళ్లండి: మోచెయ్యి, తల, బట్ పొడవు, బరువు, గురి. ఒకసారికి ఒక్కటే మార్చి, ఇరవై డ్రై షాట్లు (పెల్లెట్ లేకుండా), ఇరవై పెల్లెట్లు కొట్టి రాసుకోండి. ఉమ్మడి రైఫిల్ అయితే ప్రతి పట్టా మీదా మీ గుర్తుగా రంగు టేపు ముక్క అంటించండి, రెండు నిమిషాల్లో మీ సెట్టింగ్‌కి తెచ్చుకోవచ్చు. కోచ్‌లు ఆ రెండు నిమిషాలు ఇవ్వాలని నా విన్నపం. ఎదిగే వయసు పిల్లలైతే మూడు నెలలకోసారి గోడ దగ్గర మోచేతి పరీక్ష మళ్లీ చేయించండి. రైఫిల్‌తో పాటు జాకెట్ చేతుల పొడవు కూడా చూడండి, మోచేతి దగ్గర ముడతపడితే ఆనిక జారిపోతుంది.