గాయపడ్డ జింక కంచె దాటితే

టెక్సస్‌లో తెల్లతోక జింకల రైఫిల్ సీజన్ నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. మన దేశంలో 1972 చట్టంతో వేట ఆగిపోయింది కాబట్టి ఈ పని మనవాళ్లలో చాలామందికి కొత్త. గురి పెట్టడం నేర్పేవాళ్లు బోలెడుమంది దొరుకుతారు. గురి తప్పాక ఏం చేయాలో చెప్పేవాళ్లే తక్కువ.

ముందు కాగితాలు. హెచ్1బీ, ఎఫ్1 వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవడం ఫెడరల్ నేరం. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. టెక్సస్ లైసెన్సు ఆగస్టు 31తో అయిపోతుంది, తేదీ చూసుకోండి.

మీరు వేటాడే చోటుకు పక్కనున్న రాంచ్ (పశువుల క్షేత్రం) యజమాని ఫోన్ నంబరు సీజన్‌కి ముందే సంపాదించండి. జింక కంచె దూకితే, నెత్తుటి జాడ కళ్లెదుటే ఉన్నా, ఆయన ఒప్పుకోనిదే అటు అడుగు పెట్టకూడదు. గేమ్ వార్డెన్‌ని (వేట చట్టాలు చూసే అధికారిని) పిలవొచ్చు గానీ, యజమాని కాదంటే వార్డెన్ కూడా బలవంతపెట్టలేరు. బోర్డు లేదని ధీమా వద్దు. చెట్టు మీదో స్తంభం మీదో ఊదారంగు నిలువు గీత ఉంటే చాలు, రావద్దనే అర్థం: కనీసం 8 అంగుళాల పొడవు, అంగుళం వెడల్పు, నేలకు 3 నుంచి 5 అడుగుల ఎత్తులో. ఊపిరితిత్తుల్లో దెబ్బ తగిలిన జింక కూడా వంద గజాలు పరుగెత్తడం మామూలే, అందుకే మంచె కంచెకు దూరంగా వేసుకోవాలి.

కాల్చిన వెంటనే దిగి పరుగెత్తకండి. జింక నిలబడ్డ చోటు గుర్తు పెట్టుకుని నెత్తురు చూడండి. నురగతో లేత ఎరుపైతే ఊపిరితిత్తులు, అరగంట ఆగితే చాలు. చిక్కటి ముదురు ఎరుపైతే కాలేయం కావచ్చు, నాలుగు గంటలు ఆగాలి. పచ్చటి జిగురు, మేత తునకలు, కంపు ఉంటే పొట్ట, ఆరు నుంచి పన్నెండు గంటలు. తొందరపడితే పడుకున్న జింక లేచి మైళ్లు పోతుంది. అసలు చిక్కు ఇక్కడే: నవంబరులోనూ ఎండ కాస్తే మాంసం పాడవుతుంది, రాత్రి కొయోట్లు (నక్కల్లాంటి అడవి జంతువులు) వస్తాయి. అయినా ఆగడమే మేలు. మాంసం పోయినా, ప్రాణంతో ఈడ్చుకుంటూ తిరిగే బాధ దానికి తప్పుతుంది. సాయంత్రం చివరి వెలుగులో అనుమానంగా ఉన్న గురి వదిలేయమనేది ఇందుకే.

సూర్యాస్తమయం తర్వాత అరగంటకు కాల్చే సమయం ముగుస్తుంది. ఆ తర్వాత టార్చి వెలుగులో జింక బతికి కనిపిస్తే జాలితో కాల్చినా కేసే. రైఫిల్ ట్రక్కులోనే ఉంచి వెళ్లండి, వార్డెన్‌కి ఫోన్ చేయండి. పగటిపూట దొరికితే వెనక నుంచి వెళ్లి పొడవాటి కర్రతో కంటిని తాకండి. రెప్ప ఆడితే ఇంకా బతికే ఉంది, వెనక్కి జరిగి భుజం వెనక మరో గుండు వేయండి. చనిపోయిందని తేలగానే, లైసెన్సుతో వచ్చే ట్యాగు (ఒక జింకకు ఒక చీటీ) మీద ఆ తేదీ కత్తిరించి దానికి కట్టాలి. అది మీ ట్యాగే కావాలి, స్నేహితుడిది కాదు.

వెతకకుండా వదిలేయడం కూడా నేరమే. శాయశక్తులా వెతికినా దొరకకపోతే ట్యాగు మిగిలినట్టేనా? కొన్ని లీజుల్లో (డబ్బు కట్టి రాంచ్‌లో వేటాడే ఒప్పందాల్లో) నెత్తురు కనబడితే మీ వంతు అయిపోయినట్టే లెక్క. ఈ సంగతి డబ్బు కట్టకముందే అడగండి.