టైలరన్న వీపు, నా తప్పు

అనంతపురంలో టవర్ క్లాక్‌కు కాస్త దూరంగా ఉన్న చిన్న జిమ్‌లో ట్రైనర్‌ని. పోయినేడు ఒక టైలరన్న చేరాడు. ఏళ్ల తరబడి మిషన్ మీద వంగి కుట్టీ కుట్టీ పైవీపు గుండ్రంగా అయిపోయింది. "ఛాతీ ముందుకన్నా, ఛాతీ ముందుకు" అని నేను రోజూ అరిచేవాణ్ణి. పాపం, ఛాతీ లేపబోయి ఆయన నడుము లోపలికి వంచేవాడు. గూని తగ్గలేదు సరికదా, రెండు వారాలకు నడుము నొప్పి కొత్తగా తగులుకుంది.

బరువులు ఆపేసి అప్పుడు చూశాను, మొదటిరోజే చూడాల్సింది. బోర్లా పడుకుని తల, ఛాతీ కొంచెం లేపమంటే వీపు చదునైంది. అంటే ఇది చాలావరకు కూర్చునే తీరుతో వచ్చిందే; ఎముకల ఆకారమే మారి ఉంటే అలా సర్దుకోదు. ముందుకు వంగమని వెనక నుంచి కూడా చూశాను. ఒకవైపు పక్కటెముకలు ఎత్తుగా లేస్తే స్కోలియోసిస్ (వెన్నెముక పక్కకు వంకరపోవడం) అనుమానం. అక్కడ మనం వేలు పెట్టకూడదు. ఎక్స్‌రేలో ఆ వంకర ఎంతో చెప్పే కాబ్ కోణం కనీసం 10 డిగ్రీలుంటేనే ఆ పేరు పెడతారు, అది డాక్టర్ల పని. ఈయనకు రెండువైపులా సమానమే.

చుట్టిన టవల్ పైవీపు కింద పెట్టి వెల్లకిలా పడుకోబెట్టాను. రబ్బరు బ్యాండుతో రోయింగ్, అంటే బ్యాండును ఒంటివైపు లాగే వ్యాయామం, చేయించాను. బెంచ్ ప్రెస్ (బెంచీ మీద పడుకుని బరువు పైకి నెట్టడం) కొన్నాళ్లు బంద్. నిజంగా పనిచేసింది మాత్రం స్టూలు మిషన్ దగ్గరికి జరపడమే అనుకుంటా. అరగంటకోసారి లేవమన్నాను, పండగ సీజన్‌లో వినడు. నడుము నొప్పి నెలలోపే పోయింది. వీపు ఇంకా కొంచెం గుండ్రమే.