లైనక్స్‌లో ప్రింటర్ పెడితే సీడీ డ్రైవ్ కనిపిస్తోందా? ఇలా చేయండి

యూఎస్‌బీ కేబుల్ గుచ్చగానే స్క్రీన్ మీద సీడీ బొమ్మ ప్రత్యక్షమై, తెరిస్తే లోపల విండోస్ సెటప్ ఫైళ్లు ఉండి, ప్రింటర్ల లిస్టు మాత్రం ఖాళీగా ఉంటే టెన్షన్ పడకండి, ప్రింటర్ పాడవలేదు. హెచ్‌పీ లేజర్‌జెట్ పీ1102, పీ1606 లాంటి మోడళ్లలో స్మార్ట్ ఇన్‌స్టాల్ అని ఒకటుంది. డ్రైవర్‌ని ప్రింటర్ మెమరీలోనే పెట్టేసి, కంప్యూటర్‌కి మొదట సీడీ డ్రైవ్‌లా కనిపించేలా చేశారు. విండోస్‌లో ఆ డ్రైవర్ ఎక్కాక ఇక ప్రింటర్‌గా మారమని దానికి ఒక ఆదేశం వెళ్తుంది. లైనక్స్‌లో ఆ ఆదేశం ఇచ్చేవాళ్లెవరూ లేకపోతే అది సీడీ వేషంలోనే కూర్చుంటుంది.

ముందు సమస్య ఇదేనా కాదా తేల్చుకోండి. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టి, స్పేస్ ఇచ్చి, హైఫన్ టీ చేర్చి ఎంటర్ నొక్కండి, అన్నీ చిన్న అక్షరాలే. ప్రింటర్‌కి సంబంధించిన లైన్లో క్లాస్ (అంటే పరికరం ఏ రకమో) దగ్గర మాస్ స్టోరేజ్ (ఫైళ్లు దాచే పరికరం) అని ఒక్కటే ఉంటే అనుమానం నిజమైనట్టే. అదే పరికరానికి ఇంకో లైన్లో ప్రింటర్ క్లాస్ కూడా కనిపిస్తే ఈ తంటా ఏదీ అక్కర్లేదు. మెమరీ కార్డ్ పెట్టుకునే వీలున్న ఆల్-ఇన్-వన్‌లు అలాగే రెండు రకాలుగా కనిపిస్తాయి, మీరు చూడాల్సింది డ్రైవర్ సంగతి.

సీడీయే అని తేలితే ఫైల్ మేనేజర్‌లో దాని మీద రైట్ క్లిక్ చేసి ఎజెక్ట్ కొట్టి చూడండి. అన్‌మౌంట్ కాదు సుమా, దానివల్ల ఫైళ్లు మూసుకుంటాయి తప్ప ప్రింటర్‌కి కబురేమీ వెళ్లదు. కొన్నిటికి ఈ పాటి చాలు, కాసేపాగి పాత కమాండే మళ్లీ కొడితే క్లాస్ మారి ఉంటుంది.

మారలేదా, యూఎస్‌బీ-మోడ్‌స్విచ్ ప్యాకేజీ, దానితోపాటు దాని డేటా ప్యాకేజీ ఇన్‌స్టాల్ చేసుకుని, కేబుల్ పీకి మళ్లీ పెట్టండి. ఇంటర్నెట్ డాంగిల్స్ కూడా ఇలాగే సీడీ వేషం వేసేవి, వాటికోసం పుట్టిన టూల్ ఇది, ఇప్పుడు పీ1102 లాంటి ప్రింటర్ల వివరాలు కూడా అందులో ఉన్నాయి కాబట్టి మార్పు ఆదేశం తనే పంపేస్తుంది. కొందరు యూఎస్‌బీ-స్టోరేజ్ డ్రైవర్‌నే బ్లాక్‌లిస్ట్ చేసేస్తుంటారు, అంటే అది లోడ్ కాకుండా ఆపేస్తుంటారు, దయచేసి ఆ పని చేయకండి, ప్రింటర్ ఎలాగూ మారదు, పైగా మీ పెన్‌డ్రైవ్‌లు కూడా పనిచేయడం మానేస్తాయి.

నన్నడిగితే అసలు ఆ స్మార్ట్ ఇన్‌స్టాల్‌నే ఆపేయడం ఉత్తమం. నెట్‌వర్క్ ఉన్న మోడల్ అయితే ప్రింటర్ ఐపీ అడ్రస్ బ్రౌజర్‌లో కొడితే వచ్చే సెట్టింగ్స్ పేజీలో చూడండి, లేకపోతే ఒక్కసారికి ఎవరిదైనా విండోస్ కంప్యూటర్ అడిగి హెచ్‌పీ వాళ్ల యుటిలిటీతో ఆపేయండి. ఆ సెట్టింగ్ ప్రింటర్‌లోనే నిలిచిపోతుంది.

క్లాస్ ప్రింటర్‌గా మారాక లైనక్స్ కోసం హెచ్‌పీ వాళ్లిచ్చే ప్రింటర్ సాఫ్ట్‌వేర్ హెచ్‌పీఎల్ఐపీ వేసి, అందులోని హెచ్‌పీ-సెటప్ కమాండ్ నడపండి. పీ1102కి అదనంగా ఒక ప్లగిన్ కావాలి, సెటప్ అడిగినప్పుడు ఒప్పుకోండి. తర్వాత ఎప్పుడైనా సిస్టమ్ అప్‌డేట్ అయ్యాక ప్రింట్ ఆగిపోతే మళ్లీ సీడీ గొడవేమో అని మొదటికి రాకండి, ముందు హెచ్‌పీ-ప్లగిన్ కమాండ్ నడిపి చూడండి, ఎందుకంటే ప్లగిన్ వెర్షన్ హెచ్‌పీఎల్ఐపీ వెర్షన్‌తో సరిపోవాలి.